మొరవ పోతాంది

కుంటపల్లె సర్పంచ్ మునిరత్నమ్మ మదనపల్లెలో వరదల శిక్షణకు పోయి వస్తే ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసే ఊళ్లో వరదేమిటి? "ఈత గూడా నేర్పించినారామ్మా?" అని టీ అంగడి దగ్గర పెద్దాయన దొరస్వామి అడిగితే ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. కానీ అక్కడ చెప్పిన మాట ఒకటి ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. పైనుంచి ఆర్డరు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బడి తెరిపించడం, అన్నం వండించడం, జనాన్ని కదిలించడం పంచాయతీ చేతిలో పనే.

ఆ డిసెంబరులో తుపాను పట్టింది. పట్టింది వదల్లేదు. ఒక పొద్దున పంచాయతీ సెక్రటరీ నీలిమ తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చింది. చెరువు నిండి, మిగులు నీళ్లు మొరవ మీదుగా దూకుతున్నాయి. అది చాలదన్నట్టు కట్టకు ఒకచోట బొక్క పడి బురదనీళ్లు చిమ్ముతున్నాయి. కట్ట తెగితే ఆ నీళ్లు దిగేది నేరుగా కింది వీధిలోకే. పుంగనూరు తహసీల్దారు ఆఫీసుకు ఫోను చేస్తే లైను కలవలేదు.

మునిరత్నమ్మ ఇంక పైనుంచి మాట కోసం ఆగలేదు. చెత్తబండి మైకు అందుకుని, శిక్షణలో నేర్పినట్టే గాబరా పెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. "చెరువు నిండింది. మొరవ పోతాంది. కింది వీధోళ్లంతా ఇండ్లొదిలి బయటికి రావల్ల."

జనం వచ్చారు. టెంకాయలతో, పసుపు కుంకుమలతో, పలక డప్పులతో, మెడలో పూలదండ వేసిన మేకపోతుతో సహా చెరువుకట్ట మీదికే వచ్చారు. ఎందుకు రారు? పుట్టి బుద్ధెరిగాక మొరవ పోవడం చూడనివాళ్లు సగం ఊరు. మొరవ పోతోందంటే గంగమ్మ వచ్చినట్టే, గంగమ్మ వస్తే పొంగలి పెట్టాల్సిందే. కొత్త పెళ్లికొడుకొకడు సెల్ఫీ కోసం పెళ్లాన్ని సరిగ్గా ఆ బొక్క మీదే నిలబెట్టాడు.

"కట్ట తెగతాది, బడికాడికి పదండప్పా" అని ఆమె గొంతు చించుకుంది.

"గంగమ్మ వచ్చిన పూట అవేం మాటలమ్మా" అని దొరస్వామి కసిరాడు. "కలెక్టరు చెప్పినాడా?"

"నేను చెప్తాండా."

"నువ్వు మన రత్నమ్మవే గదా" అన్నాడాయన, అదేదో సమాధానమైనట్టు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఉపాయం తట్టింది. ఎవరి చేతిలోదో ఇత్తడి బిందె లాక్కుని, మొరవ నీళ్లు ముంచి, పసుపు పూసి, వేపమండలు గుచ్చి నెత్తికెత్తుకుంది. చేతులు ఖాళీ లేక మనసులోనే లెంపలేసుకుంది. "గంగమ్మ బడికాడికి పోతాండాది. పొంగళ్లు ఆడనే" అని కట్ట దిగి నడిచింది.

ఇంకేముంది? పలకలు మోగాయి, ఊరంతా ఆమె వెంట పడింది. అమ్మవారు పోతుంటే ఇంట్లో ఎవరూ పడుకోరాదని నీలిమ కింది వీధి పొడవునా పుకారు పుట్టించింది. దాంతో ముసలివాళ్లు మంచాలతో సహా, ఆవులు దూడలతో సహా మిట్ట మీది బడికి చేరుకున్నారు.

పొంగలి ఇంకా ఉడకనే లేదు, చెరువు వైపు పెద్ద చప్పుడైంది. కట్ట తెగి ఎర్రనీళ్లు కింది వీధిని ముంచెత్తాయి. గడ్డివాములు, కోళ్లగూళ్లు కొట్టుకుపోయాయి. పలకలు ఆగిపోయాయి. సెల్ఫీల కోసం ఒక్క ఫోనూ లేవలేదు.

దొరస్వామి తన ఇంటి వైపు చూశాడు. నీళ్ల పైన కప్పు మాత్రమే కనబడుతోంది. "నువ్వు ఆయమ్మను మోసుకోనొచ్చినావు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆయమ్మే మనల్ని మోసుకోని పోతాండె" అన్నాడు.

మునిరత్నమ్మ నిబ్బరం అంతవరకే. బిందె దించి, గోడకు చేరగిలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. దొరస్వామి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇంగ మేమేం జెయ్యల్లనో చెప్పమ్మా" అన్నాడు.