మోయలేనిదే కొందాం

కరెంటొచ్చిందని వీధి వీధంతా కేకలు పెడుతుంటే మా కంప్యూటర్ కాలిపోయింది. మా కాలబార్ ఊళ్లో పోయిన కరెంటు తిరిగొస్తే పిల్లలూ పెద్దలూ కలిసి అరుస్తారు. ఈసారి వచ్చిన కరెంటు మామూలుగా రాలేదు, ఒళ్లు తెలియకుండా వచ్చింది. బల్ల కింద పెట్టెలో టప్‌మని చప్పుడు, ఆ వెంటే ప్లాస్టిక్ కాలిన కంపు. బయట ఇంకా అరుస్తూనే ఉన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచి మాత్రం చేసేదేముంది?

ఏళ్ల తరబడి నేనూ అసుక్వో ఆ ఒక్క డెస్క్‌టాప్ మీదే బతికాం. పెళ్లిళ్లు, చర్చి పండుగలు, చావు ఊరేగింపులు, ఎవరు తీసిన వీడియో అయినా కోసి, అతికించి, పాట తగిలించి ఇవ్వడం మా పని. అసుక్వో నాకు తోడబుట్టినవాడేం కాదు, మా వీధి కుర్రాడు. పని నేర్చుకుంటానని వచ్చి ఉండిపోయాడు. ఇప్పుడు వాడికీ గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. రంగులు సరిచేయడం వాడి వంతు. ఏడుపు ఎంతసేపు ఉంచాలి, పెద్దమనుషుల ఉపన్యాసం ఎక్కడ నరకాలి, అది నా వంతు. నా కళ్లు ఈమధ్య రంగుల తేడా సరిగ్గా పట్టడం లేదు. వాడు లేకపోతే నా దుకాణం లేదు. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

అందుకే, "అక్కా, ఈసారి డెస్క్‌టాప్ వద్దు, గేమింగ్ లాప్‌టాప్ కొందాం," అని వాడు అనగానే నాకు భయం పట్టుకుంది. లాగోస్‌లో సినిమావాళ్లు వాణ్ణి రమ్మంటున్నారని మా వీధి చివర కాల్చిన అరటికాయలు అమ్మే మనిషికి కూడా తెలుసు. నాకు మాత్రం వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. డెస్క్‌టాప్‌ను ఎవడూ చంకన పెట్టుకుని బస్సెక్కడు. లాప్‌టాప్ అలా కాదు.

"ఈ వయసులో మనం ఆటలాడాలట్రా?"

"ఆటలవాళ్ల కోసం చేసినవాటిలోనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటదక్కా. మామూలు లాప్‌టాప్ మన వీడియోలు చూస్తే మూర్ఛపోద్ది. ఇదైతే డెస్క్‌టాప్ చేసే పనంతా చేస్తది. కరెంటు పోయినా ఆరిపోదు."

"ఆరిపోకుండా ఉన్నది నా ప్రాణం ఒక్కటే. అదీ విసిగిపోయి ఉంది, పద."

మేరియన్ రోడ్డులో ఉచెన్నా దుకాణానికి వెళ్లాం. అతను రెండు లాప్‌టాప్‌లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి సన్నంగా, నాజూగ్గా ఉంది. రెండోది నేను చూడనే లేదు. సన్నదాన్ని తెరవగానే కీబోర్డు కింద ఎరుపు, నీలం, పచ్చ దీపాలు పరుగులు పెట్టాయి.

"చావు వీడియోలు చేసేదాన్ని నాయనా. అక్కడ శవం లేస్తుంటే ఇక్కడ ఇది డిస్కో ఆడుతుంటే ఎలా?"

"దీపాలు ఆర్పేసుకోవచ్చు మేడమ్."

"ఆర్పితే ధర తగ్గిస్తావా?"

ఉచెన్నా నవ్వి దాని ప్లగ్ పెట్టాడు. అసుక్వో కాలిపోకుండా మిగిలిన మా హార్డ్ డిస్క్ తగిలించి సగం కోసిన పెళ్లి ఒకటి తెరిచాడు. పెళ్లికూతురు నడుముకు పూసల వరసలతో నాట్యం చేస్తోంది. ఎక్కడా తడబాటు లేదు.

మా ఊళ్లో లాప్‌టాప్ కొనేవాళ్లెవరూ ముందు ధర అడగరు. పని జరుగుతుండగా ప్లగ్ పీకి చూస్తారు. కరెంటున్నప్పుడు ఏదైనా బాగానే ఉంటుంది మరి. నేనే పీకాను. పెళ్లికూతురు ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయింది. తర్వాత కుదుపులు కుదుపులుగా ఆ కాలు దించింది.

"చూశావా? దీనికీ మనలాగే నీరసం," అన్నాను గెలిచినట్టు.

"ఇవన్నీ అంతే మేడమ్," అన్నాడు ఉచెన్నా. "బ్యాటరీ మీద సగం బలమే. కానీ చేసిన పని ఎక్కడికీ పోదు. మీరు జనరేటర్ వేసేదాకా ఆగుద్ది."

చేయి పెట్టి చూస్తే కర్రపెండలం తురుముతో గర్రీ వేయించే పెనంలా కాలుతోంది. అయినా అసుక్వో దాన్ని వదల్లేదు. మూసి, ఒంటి చేత్తో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. సంచిలో పెట్టుకుంటే ఎలా ఉంటుందో చూసుకుంటున్నాడనుకున్నాను. నాకు ఒళ్లు మండింది.

"సన్నదే తీసుకోరా. నీకు సులువు."

"దేనికి సులువు?"

"మోసుకుపోవడానికి."

వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి దాన్ని కింద పెట్టేశాడు. రెండోదాన్ని నా ముందుకు జరిపాడు. వెడల్పాటి తెర, పక్కన అంకెల మీటలు, వెనక గాలి పోయే పెద్ద పెద్ద కన్నాలు. దాని ఛార్జరే ఇటుకంత ఉంది.

"ఇది ఎత్తి చూడు."

రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. "అమ్మో, ఇది లాప్‌టాపా, రోలా? ఒడిలో పెట్టుకుంటే కాళ్లు పడిపోతాయి."

"ఇది బల్ల మీద ఉండేదే మేడమ్," అన్నాడు ఉచెన్నా. "డెస్క్‌టాప్ బదులు కొనేవాళ్లు ఇదే పట్టుకెళ్తారు. ఎంతసేపు వాడినా వేడికి డీలా పడదు."

ఆ పెళ్లిని దీంట్లోనూ తెరిపించి మళ్లీ ప్లగ్ పీకాను. పెళ్లికూతురు కాస్త నెమ్మదించింది కానీ ఆగలేదు. అసుక్వో తెరకు దగ్గరగా వంగి, ఆమె చీలమండ నుంచి తలలో ఇత్తడి దువ్వెనల దాకా రంగులన్నీ చూశాడు.

"ఇదే కొందాం. మోయలేనిదే కొందాం," అన్నాడు.

నాకు అక్కడే ఏడుపొచ్చినంత పనైంది. దీన్ని పట్టుకుని ఎవడూ లాగోస్ పోడు. వాడు ఉంటున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఎండుచేపలు కొన్నాను, సాయంత్రం అఫాంగ్ ఆకుల కూర చేసి వాడికి పెడదామని. లాప్‌టాప్ మోస్తూ వాడు రొప్పుతుంటే, "బాగా మోయి, ఆటలవాడా," అని ఆటపట్టించాను కూడా.

దుకాణంలో పాత పెట్టె ఉన్నచోట దాన్ని పెట్టి వాడు మీట నొక్కాడు. దీన్ని వాడేవాళ్ల పేరు కొట్టమని తెర మీద వచ్చింది. వాడు నింపాదిగా నా పేరు కొట్టాడు. ఇక్వో. అంతే.

"నీ పేరేదిరా?"

"ఒక్క పేరు చాలక్కా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఎప్పుడు వెళ్తున్నావు?"

"ఆదివారం."

"మరి ఆ సన్నదాన్ని అంతసేపు పట్టుకు వేలాడావెందుకు?"

"నా కోసమనుకున్నావా? వాళ్లు నాకు అక్కడ వేరేది ఇస్తారు. నువ్వు మోయగలవేమోనని చూశా. మోసి మాత్రం ఎక్కడికి పోతావులే, ఈ కుర్చీ వదలవుగా." నవ్వబోయి ఆగిపోయాడు. "దీని తెర రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తదక్కా. నీకు అనుమానం వచ్చిన చోట బొమ్మ పక్కన రంగుల అంకెలు కనిపిస్తాయి, అవి చూసుకో. ఎర్రదనం ఎంతుండాలో నేర్పించే వెళ్తా."

నా కళ్ల సంగతి వాడికి తెలుసన్నమాట. ఇంతకాలం నేను దాచాననుకున్నాను. వాడు దుకాణాన్ని ఎత్తుకుపోతాడని భయపడ్డాను. వాడు దుకాణాన్ని చక్కగా నా ఒళ్లో పెట్టి, తను మాత్రం వెళ్లిపోతున్నాడు.

తర్వాత పాస్‌వర్డ్ అడిగింది. వాడు కీబోర్డును నావైపు జరిపాడు.

"నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు."

గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చొక్కా వీపంతా చెమటకు తడిసి ఉంది. దీనికీ ఉన్న రంగు దీపాలు నా వేళ్ల కింద పరుగులు పెడుతున్నాయి.

"అయిందా అక్కా?"

"ఉండరా," అన్నాను. ఇంకా ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.