ఎవరికి చెప్పావు?

ఆ పరీక్షల ల్యాబులో ఆమెను అందరూ సర్వరమ్మ అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. పేషెంట్ల రిపోర్టులు టైపు చేసే, దాచే, ప్రింటు తీసే ప్రోగ్రాము ఆమె చేతిలో ఉంటుంది. అది నడిచే సర్వరు మెట్ల కింద చిన్న గదిలో, పద్దెనిమిదేళ్లుగా ఒకే మూలన గుర్రుమంటూ కూర్చుంది. మధ్యలో రెండుసార్లు డిస్కులు మార్చారు, ఒకసారి పైడబ్బా మొత్తం మార్చారు. అయినా అందరికీ అది అదే సర్వరు.

ఇప్పుడు ఆ మూల శాంపిళ్ల ఫ్రిజ్‌కి కావాల్సి వచ్చింది.

“శనివారం మధ్యాహ్నానికల్లా ఆ డబ్బా అక్కడ ఉండకూడదు,” అంది ల్యాబు యజమాని డాక్టరమ్మ. “బయట అద్దెకి కొత్త సర్వరు తీసుకున్నాంగా. దానిమీద ప్రోగ్రాము ఎక్కించడానికి పనిముట్టేదో నువ్వే చూసుకో. ఊరికే దొరికేవి బోలెడున్నాయటగా.”

బోలెడున్న మాట నిజమే, తంటా అంతా అక్కడే. ఎవరో పుణ్యాత్ములు రాసి, కోడు అందరికీ తెరిచిపెట్టి, మీ సర్వరు మీద మీరే నడుపుకోండని వదిలేసిన పనిముట్లవి. ఒక్కొక్కదాని గురించి పొగిడేవాళ్లు పొగుడుతుంటారు, తిట్టేవాళ్లు తిడుతుంటారు. అందరి మాటలూ విని తల వాచిపోయాక, సర్వరమ్మ మూడింటిని ఏరుకుని మూడు వారాలు పక్కపక్కనే పెట్టి నడిపి చూసింది.

మొదటిదానికి సింగారి అని పేరు పెట్టుకుంది. రంగురంగుల తెరలు, ప్రతి పనికీ ఒక బటను. పాత వెర్షనుకి వెనక్కి వెళ్లాలన్నా ఒక్క నొక్కుడే. కాని ఆ సింగారానికి మెమరీ దండిగా కావాలి. రెండోది మౌని. తెరల్లేవు, బటన్లు లేవు. నల్లటి టెర్మినల్లో కమాండు కొడితే పని చేసేసి గమ్మున ఊరుకుంటుంది. గుప్పెడు మెమరీ చాలు. ఏదైనా చెడితే మాత్రం ఎందుకు చెడిందో నోరు విప్పదు, మనమే వెతుక్కోవాలి. మూడోది మూటలమ్మ. డేటాబేసు, మెయిలు, బ్యాకప్పు అన్నీ మూటగట్టుకుని దిగింది. బ్యాకప్పు బ్రహ్మాండంగా తీసింది, తిరిగి ఎక్కించమంటే రెండుసార్లు చతికిలబడింది. మూడోసారి ఎక్కించిందనుకోండి. కాని జనం ప్రాణాల మీద బెంగతో ఎదురుచూసే రిపోర్టుల దగ్గర మూడోసారి దాకా ఆగే ఓపిక సర్వరమ్మకి లేదు. మూటలమ్మకి ఓ దణ్ణం పెట్టి సాగనంపింది.

మిగిలిన రెండూ ఒక విషయంలో ఒకటే. కొత్త వెర్షను లేచి నిలబడ్డాకే పాతది పక్కకి తప్పుకుంటుంది. కింద టైపు చేసేవాళ్లకి ఏదో మారిందన్న సంగతే తెలియదు. అది చూసి ఎగిరి గంతేయాల్సింది పోయి సర్వరమ్మ దిగులు పడింది.

పాత పద్ధతి వేరు. అది మాస్టారు రాసిన పద్ధతి. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. ఈ సర్వరుని మొదట నిలబెట్టి, సర్వరమ్మకి పని నేర్పి, నాలుగేళ్ల కిందట రిటైరైన పెద్దాయన. ఆయన రాసిన స్క్రిప్టు, అంటే కంప్యూటరు వరసగా చేయాల్సిన పనుల చిట్టా, నడిపితే ప్రోగ్రాము నిమిషన్నర పాటు ఆగి, కొత్త మార్పుతో మళ్లీ లేస్తుంది. ఆ నిమిషన్నరలో సేవ్ చేయకుండా టైపు చేసిందంతా గాలికి పోతుంది. అందుకని ఆ స్క్రిప్టు ముందుగా ఒక ప్రశ్న అడుగుతుంది, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో: “ఎవరికి చెప్పావు?” జవాబు రాసేదాకా అంగుళం కదలదు. రాస్తే “సరే, కానియ్” అని పని మొదలుపెడుతుంది.

ఆ జవాబు కోసం పై అంతస్తు నుంచి దిగి, రిపోర్టులు టైపు చేసే ఆవిడ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ అందరికీ రిపోర్టులక్క. “అక్కా, సేవ్ చేసుకో,” అంటే తలెత్తకుండానే ఎడమచేతి వేలు ఒకటి చూపిస్తుంది, ఆగమని. ఆగాలి. ఆ ఆగిన కాసేపట్లోనే ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ మిషను మొరాయిస్తోందో, డాక్టరమ్మ పొద్దున ఎవరిమీద చిరాకుపడిందో అన్నీ తెలిసిపోయేవి. ఈ ల్యాబు గురించి సర్వరమ్మకి తెలిసినదాంట్లో సగం ఆ బల్ల పక్కన నిలబడి నేర్చుకున్నదే. ఇక ఆ నిలబడటం ఉండదు.

అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటుంది. ఆయన చేత్తో కట్టినదాన్ని పీకేస్తున్నామని మాస్టారికి ఇంకా చెప్పలేదు. ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. మూడు వారాల్లో ఆ దారిన పదిసార్లు వెళ్లింది, పదిసార్లూ తల వంచుకునే వెళ్లింది. ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

శుక్రవారం మధ్యాహ్నం, నెలకెన్ని మార్పులు ఎక్కిస్తున్నామో లెక్క తేల్చి సింగారికా మౌనికా ఓటు అని నిర్ణయిద్దామని, స్క్రిప్టు ప్రశ్నకి రాసిన జవాబులన్నీ చేరే ఫైలు తెరిచింది. పద్దెనిమిదేళ్ల జవాబులు వరసగా ఉన్నాయి. “అక్కకి.” “అక్కకి. జలుబు చేసింది పాపం.” “అక్కకి. రెండుసార్లు వేలు చూపించింది.” మాస్టారు జవాబులు రాయమంటే ఉత్తరాలు రాసేవారు. నవ్వుకుంటూ పైపైకి వెళ్లి మొట్టమొదటి లైను దగ్గర ఆగింది. ఆ తారీఖు ఆమెకి బాగా గుర్తు.

ఆమె ఉద్యోగంలో చేరిన మూడో నెల అది. అంతకు ముందురోజు మాస్టారు సెలవు. రిపోర్టు మీద ల్యాబు పేరులో ఒక అక్షరం తప్పుంటే, సరిచేసి మెప్పు కొట్టేద్దామని ఆమె సొంతంగా స్క్రిప్టు నడిపింది. అప్పటికి ప్రశ్నా లేదు, పాడూ లేదు. కింద రిపోర్టులక్క అరగంట నుంచి టైపు చేస్తున్న బయాప్సీ రిపోర్టు మొత్తం ఎగిరిపోయింది. దానికోసం బయట బెంచీ మీద మనుషులు కాచుకుని ఉన్నారు. అక్క బల్ల మీద తల పెట్టి ఏడ్చేసింది. ఏమైందని అడిగితే, “కరెంటు ఏమైనా అటూ ఇటూ అయిందేమో,” అంది సర్వరమ్మ. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. మర్నాడు స్క్రిప్టులో ఆ ప్రశ్న వెలిసింది. తన అబద్ధం అతికిందనే ఇన్నేళ్లూ అనుకుంది.

ఇప్పుడు చూస్తే, మొదటి లైనులో మాస్టారి జవాబు ఇలా ఉంది: “అమ్మాయికి నేనే ముందు చెప్పలేదు. తప్పు నాది.”

అది చదివి సర్వరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత కంప్యూటరు కట్టేసి, సంచీ భుజాన వేసుకుని, తిన్నగా మాస్టారింటికి నడిచింది.

సైకిళ్ల షాపు మీద ఒకే గది ఇల్లు. మాస్టారు కిటికీ దగ్గర గోడగడియారం విప్పి ముందు పరుచుకున్నారు. ఆమెను చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

“రా అమ్మాయ్. స్క్రూలు తొక్కకుండా రా.”

“మాస్టారూ, మీ సర్వరు తీసేస్తున్నాం. రేపే.”

“తెలుసు. డాక్టరమ్మ అనుకున్న రోజే ఫోన్ చేసి చెప్పింది.”

“మూడు వారాల నుంచి తెలుసా? మరి నాతో అనలేదే!”

“నువ్వొచ్చి చెబుతావని కూర్చున్నా,” అన్నారాయన స్క్రూ ఒకటి వెలుగులో పెట్టి చూస్తూ. “ఇవాళ కూడా రాకపోతే మాత్రం అలిగేవాణ్ణి.”

అక్కడితో ఆమె గుండెల మీది బరువు సగం దిగింది. మిగతా సగం కూడా దింపేసుకుందామని, “అక్క బయాప్సీ రిపోర్టు ఎగిరిపోయిన రోజు స్క్రిప్టు నడిపింది నేనే,” అంది.

“అదేం కొత్త సంగతి! నేను లేను, ఉన్నది నువ్వు. ఇంకెవరు నడుపుతారు? దెయ్యమా?” మాస్టారు నవ్వి, స్టూలు ఆమె వైపు జరిపారు. “తిట్టి ఉంటే ఆ ఒక్కరోజే గుర్తుండేది. ఆ ప్రశ్న రోజూ గుర్తు చేసింది కదా. సరేగాని, దేన్ని తీసుకుంటున్నావ్?”

సింగారి సంగతీ మౌని సంగతీ చెప్పింది. మనసు మౌని మీదే ఉందని, మౌనిని చూస్తే మాస్టారి చేతిపనిలాగే ఉంటుందని కూడా చెప్పింది.

“నాలాగా ఉందని తీసుకోకు. నేనో మొండిఘటాన్ని. స్క్రిప్టులో ఏముందో కాగితం మీద ఒక్క ముక్క రాసిపెట్టానా? నేను వెళ్లిపోయాక దాన్ని అర్థం చేసుకోవడానికి నీకెన్నాళ్లు పట్టింది?”

“ఏడాది.”

“చూశావా. నువ్వు లేని రోజు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో వాళ్లకి చూడగానే బోధపడేది తీసుకో. మెమరీ ఇంకాస్త కావాలంటే డాక్టరమ్మ మీద పడి అడుగు, ఇస్తుంది.”

అంటే సింగారే. రిపోర్టులు చదివి వైద్యం చేసేవాళ్లుంటారు, ల్యాబులు నడిపేవాళ్లుంటారు, కాని ఎదుటిమనిషి రేపటి కష్టం ఇవాళే చూడగలిగే మాస్టారు లాంటివాళ్లు ఎందరుంటారని సర్వరమ్మ దారి పొడుగునా అనుకుంటూనే ఇల్లు చేరింది.

శనివారం ల్యాబు ఒంటిపూట. మధ్యాహ్నానికి డేటా అంతా కొత్త సర్వరుకి చేరి, సింగారి మీద ప్రోగ్రాము లేచి నిలబడింది. ఇక పాతదాన్ని ఆపాలి. ఆపాలన్నా ఆ స్క్రిప్టుతోనే ఆపాలి. సర్వరమ్మ కిందికి దిగింది.

“అక్కా, సేవ్ చేసుకో.”

రిపోర్టులక్క తలెత్తకుండా వేలు చూపించింది. ఆ వేలు కణుపుల దగ్గర ఇప్పుడు కొంచెం వాచి ఉంటోంది. సర్వరమ్మ ఆగింది. కీబోర్డు చప్పుడు ఆగాక, నోరు పెగుల్చుకుని అంది:

“అక్కా, ఎప్పుడో నీ బయాప్సీ రిపోర్టు ఎగిరిపోయింది చూడు, కరెంటు వల్ల కాదు. నేనే.”

అక్క కుర్చీ ఇటు తిప్పింది. “ఓసి పిచ్చిదానా, నాకు ఆ రోజే తెలుసు. రిపోర్టు పోయిందని ఫోన్ చేస్తే సాయంత్రం మాస్టారు వచ్చి తనే చేశానన్నారు. పన్ను పీకించుకుని, బుగ్గ ఇంత లావున వాచి, నోట్లో దూదితో ‘నేనే, నేనే’ అంటుంటే నవ్వాపుకోలేక చచ్చా. సెలవులో ఉన్న మనిషి ఎలా చేస్తారు? అంత నొప్పితో వచ్చారే అని నేనూ నమ్మినట్టు ఊరుకున్నా.”

“మరి నాతో ఎప్పుడూ అనలేదేం?”

“ఎందుకనాలి? ఆ మర్నాటి నుంచి నువ్వు నాకు చెప్పకుండా ఒక్కసారైనా చేశావా?”

సర్వరమ్మ తల అడ్డంగా ఊపింది. అక్క భుజం ఒకసారి పట్టుకుని వదిలేసి, మెట్ల కింద గదిలోకి వెళ్లి, సర్వరు ముందు కూర్చుని స్క్రిప్టు నడిపింది.

“ఎవరికి చెప్పావు?”

“మాస్టారికి. అక్కకి. అప్పటిది కూడా,” అని కొట్టింది.

“సరే, కానియ్,” అంది స్క్రిప్టు.

ప్రోగ్రాము ఆగింది. అక్క అప్పుడే సేవ్ చేసిన రిపోర్టునీ, ఆఖరి లైనుతో సహా ఆ జవాబుల ఫైలునీ కొత్త సర్వరుకి ఎక్కించి, వచ్చాయో లేదో తెరిచి చూసుకుని, అప్పుడు మీట నొక్కింది. లోపలి ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగేదాకా అక్కడే కూర్చుంది.