కడగని ఇసుక

నంద్యాలలో సముద్రపు చేపలను రెండుసార్లు చంపింది నేనే. ఈ మాటను ఇంత సూటిగా ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, రూతు జీవశాస్త్రం చెప్పేది. 1956లో ఆమె బందరు నుంచి రైల్లో సముద్రపు నీటిని గాజు జాడీలలో తెప్పించింది. ఆ నీటితోపాటు అరచేతి వెడల్పున్న నల్లచుక్కల చేపలు ఏడు వచ్చాయి. మా విద్యార్థుల్లో సముద్రాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. గాజుతొట్టి చూసుకోవడం ఆమె పని, నీటిని వడగట్టడం నా పని.

మా ఇంట్లో తాగునీటికి వాడే పద్ధతినే అక్కడా పెట్టాను. ఒకదానిపై ఒకటి మూడు కుండలు. పైదానిలో బొగ్గు, నడిమిదానిలో ఇసుక. అడుగు కుండలోకి దిగిన నీటిని మళ్లీ తొట్టిలో పోసేవాళ్లం. ప్రతి శుక్రవారం మా అమ్మ గడప కడిగినంత నిష్ఠగా నేను ఆ ఇసుకను మరిగే నీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, తిరిగి కుండలో నింపేవాణ్ణి. శుభ్రత గురించి ఆలోచించవలసిందేమీ లేదని అప్పట్లో నా నమ్మకం. ఆలోచించనక్కర లేదనుకున్నవాటినే ముందు పరీక్షించాలని తత్త్వగ్రంథాల అంచుల్లో నా చేతితోనే రాసుకున్నాను. ఇసుక కుండ దగ్గర ఆ మాట గుర్తుకు రాలేదు.

మొదటి ఏడు చేపలు పదిహేను రోజుల్లో పోయాయి. రెండోసారి తెప్పించినవి నెల దాటి బతికాయి. ఆ నెలలో మూడు వారాలు నేను పరీక్షల పనిమీద ఆత్మకూరులో ఉన్నాను. తిరిగి వచ్చి చూస్తే ఇసుక గోధుమరంగుకు తిరిగి, జిడ్డుపట్టి ఉంది. సిగ్గేసింది. వెంటనే ఉడికించాను. మూడో రోజుకు తొట్టిలో కదలిక లేదు.

రూతు తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒక మాట చెప్తే కోపం చేసుకోరు కదా సార్?"

"చెప్పమ్మా."

"మీరు ఊర్లో లేనప్పుడు నేను ఇసుక కడగలే."

"ఏందీ? మూడు వారాలా?"

"మూడు వారాలు. కుండలో చెయ్యి పెట్టలే. చేపలు గంతులేస్తా తిన్యాయి. మీరొచ్చినారు, బేగా ఉడకబెట్టినారు, పోయినాయి. మొదటిసారి కూడా అంతే. కావాలంటే తేదీలు చూడండి."

చూశాను. ప్రతి చావూ నేను ఇసుక ఉడికించిన రెండుమూడు రోజుల్లోనే ఉంది.

"ఆ జిడ్డులో కంటికి కనపడని ప్రాణాలుంటాయి సార్. చేపల నుంచి పుట్టే విషాన్ని అవే తినేది. మీరు వాటిని వండి పారబోస్తాండారు."

నేను నోటుపుస్తకం మూసి ఆమెకు తిరిగిచ్చాను.

ఆమె నాలుగేళ్లుగా అడుగుతున్న పెద్దతొట్టికి ఆ ఏడే అనుమతి వచ్చింది. మూడు వైపులా నాపరాయి, ముందు దళసరి అద్దం, రెండువందల గ్యాలన్ల నీరు. ఫిబ్రవరిలో జరిగే ప్రదర్శనకు అది సిద్ధం కావాలి. ప్రధానోపాధ్యాయులు లక్ష్మీనారాయణ గారు ఉపాధ్యాయులందరి ముందూ నన్ను పిలిచి చెప్పారు:

"ఏమప్పా మద్దిలేటీ, రెండుసార్లు చేపల పులుసు కాచినావ్. మూడోసారి గూడా కాచినావంటే ఆ తొట్టి హాస్టలు పిల్లోళ్లు కాళ్లు కడుక్కునేకి పోతాది. నేను మళ్లా చెప్పను."

అందరూ నవ్వారు. రూతు నవ్వలేదు.

మా ముందు మూడు దారులున్నాయి. కుండలనే పెద్దవిగా చేయవచ్చు. కానీ అంత నీటిని రోజూ తోడిపోయడం మనుషులవల్ల కాదు. పదిహేను రోజులకోసారి నీరంతా మార్చవచ్చు. కానీ బందరు దగ్గరిది కాదు. మూడోది రూతు ఒక పత్రికలో చదివినది: తొట్టి అడుగునే, రంధ్రాలున్న పలకమీద ఇసుక పరచడం. మూలలో ఒక గొట్టం నిలబెట్టి, దాని అడుగుకు గాలి పంపితే, బుడగలు పలక కిందినీటిని పైకి తోస్తాయి. పైనీరు ఇసుక గుండా కిందికి దిగుతుంది. గాలిపంపు మద్రాసులో దొరుకుతుంది. ఆ ఇసుకను ఎన్నటికీ కడగకూడదు. ఆ చివరి నియమం నన్ను భయపెట్టింది. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

ఇనుప పలక ఉప్పునీటిలో తుప్పుపడుతుంది, చెక్క కుళ్లుతుంది. రాతి పలక కోసం ఆళ్లగడ్డకు బస్సెక్కాం. అక్కడ విగ్రహాలు చెక్కే బ్రహ్మయ్యాచారి నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ దేవునికప్పా ఇది?"

"దేవునికి కాదు, చేపలకు."

"ఈ చుక్కలన్నీ బొక్కలేనా? పలకకు అమ్మవారు పోసినట్టుంది." ఉలి చేత్తో తూచి, మళ్లీ అడిగాడు. "ఒక్కటి పగిలిందంటే పలక మొత్తం పోతాది. ఎన్ని బొక్కలు?"

"నూట నలభై."

"కొడ్తా. పగిలితే మళ్లా కొడ్తా. నాపరాయి నాకాడ తక్కువేం లేదు."

రెండు పగిలాయి. మూడోది నిలిచింది. దానితోపాటు తన పాక ముందు కుప్పపడిన సన్న రాతిముక్కల్ని రెండు గోతాలకు ఎత్తించి, "కింద ఇవి పరుచు, ఇసుక బొక్కల్లోకి జారదు" అన్నాడు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

డిసెంబరు రెండో వారంలో తొట్టి నింపి, రెండే చేపలను వదిలాం. తొమ్మిదో రోజు ఉదయానికి నీరు తెల్లబడింది. అద్దం అవతలి చేప నీడలా కనిపించింది. రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

లక్ష్మీనారాయణ గారు గుమ్మంలో నిలబడి చూశారు. "కుడితి మాదిరుండాది కదప్పా! ఇసుక తీసి కడుగు. ఇప్పుడే కడుగు."

నా వేళ్లు అప్పటికే చొక్కా చేతులను పైకి మడుస్తున్నాయి. వాటిని ఎవరు కదిలించారో నాకు తెలియదు. నేను మాత్రం ఆజ్ఞ ఇవ్వలేదు. ముప్పైయేళ్ల అలవాటు నాకంటే ముందు తొట్టి దగ్గరికి చేరింది. రూతు అడ్డం రాలేదు, నోటుపుస్తకం కూడా చూపించలేదు. నా ముఖం వైపు చూస్తూ నిలబడింది, అంతే.

ఆ ఇసుకలో ఇంకా పుట్టని కాపలాదారులను పుట్టకముందే చంపబోతున్నానని అప్పుడు అర్థమైంది. నాకు రోతగా కనిపించేది చేపకు రోత కానక్కరలేదు. నేను చొక్కా చేతులు దించాను.

"కడగను సార్."

"ఏందీ?"

"కడిగితే చస్తాయి. కడగకుంటే చస్తాయో బతుకుతాయో తెలీదు. తెలీని దానికే నేను నిలబడ్తా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తొట్టి పోతే నీ పేరే చెప్తా" అని వెళ్లిపోయారు.

మేత ఆపేశాం. గాలి పెంచాం. ప్రతి ఉదయం నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆ అద్దం ముందు నిలబడేవాణ్ణి. ఏమీ చేయకుండా ఉండటం అంత కష్టమైన పని అని అంతకుముందు తెలియదు. పద్నాలుగో రోజు చేపలు కిందికి దిగాయి. పదిహేడో రోజు గదిలో అడుగుపెట్టగానే వెనక గోడ నాపరాతి చార కూడా నీటి గుండా కనిపించింది. రూతు చిటికెడు మేత వేసింది. రెండు చేపలూ దానికోసం కొట్లాడుకున్నాయి.

"చూడండి సార్, చూడండి! కొట్లాడుతాండాయి!" అని ఆమె గట్టిగా అరిచింది. నేను కూడా అరిచాను. పక్క గదిలో పాఠం ఆగిపోయింది.

జనవరిలో ఇంకో పది చేపలు వచ్చాయి. పన్నెండూ బతికాయి.

ప్రదర్శన మూడు రోజులు. శిరివెళ్ల నుంచి, వెలుగోడు నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారు. వరుస పాఠశాల ప్రహరీ దాటి రోడ్డెక్కింది. బ్రహ్మయ్యాచారి ఆళ్లగడ్డ నుంచి బంధువులను వెంటబెట్టుకుని వచ్చి, చేపలను వదిలేసి ఇసుక వైపు వేలు చూపుతూ, "దీని కిందుండేది నా పలక" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

చివరి రోజు పైనుంచి వచ్చిన అధికారి తొట్టిమీదికి వంగి చూశాడు. "నీళ్లు బాగున్నాయి కానీ, ఈ ఇసుకేమిటి ఇంత మురికిగా? కడిగించకూడదా?" అంటూ చేయి నీళ్లలోకి చాచాడు.

నేను నోరు తెరిచేలోపే లక్ష్మీనారాయణ గారు ఆ చేతిని గబుక్కున పట్టుకున్నారు.

"ముట్టొద్దు సార్! ఏమన్నా ముట్టండి గానీ ఆ ఇసుక ముట్టొద్దు. అది ప్రాణంతో ఉండాది."

ఇంత మాట అనేసి, ఎవరి చెయ్యి పట్టుకున్నారో తెలిసి, ఆయన వదిలేశారు. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగి, వరుసలో ఉన్న జనమంతా వినేలా, "చెప్పండప్పా, ఎందుకు కడగకూడదో ఈ సారుకు చెప్పండి" అన్నారు.

రూతు ముందుకు వచ్చి చెప్పడం మొదలుపెట్టింది.