టచప్ అక్క

ఫోటో స్టూడియోలో అందరూ ఆమెను టచప్ అక్క అంటారు. ఎంత మొటిమల మొహమైనా సరే, ఆమె కంప్యూటరు ముందు పది నిమిషాలు కూర్చుందంటే నున్నగా తేలాల్సిందే. అడిగినా చేస్తుంది, అడక్కపోయినా చేస్తుంది. అదో పిచ్చి.

ఆ పిచ్చి ఎక్కడిదో ఆమె ఒక్కదానికే తెలుసు. రోజూ పొద్దున్నే బాత్రూం గడియ పెట్టుకుని, గడ్డం కింద మొలిచిన వెంట్రుకలు ఒక్కొక్కటే పీక్కుంటుంది. నెలసరి సంగతి సరేసరి, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఏడాది కిందట డాక్టరమ్మ స్కానింగ్ చూసి పీసీఓఎస్, హార్మోన్ల తేడా అంది. మందులు వాడాలి, రోజూ నడవాలి, పిల్లలు పుట్టడానికి కాస్త సమయం పట్టవచ్చు, కంగారు పడాల్సిందేమీ లేదు అంది. ఈ మహాతల్లికి మాత్రం సమయం పట్టవచ్చన్న మాట ఒక్కటే చెవికెక్కింది. ఇంటికొచ్చి నోటికి తాళం వేసుకుంది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. నెల తప్పినప్పుడల్లా మొగుడు, పాపం, పైకి ఏమీ అనకుండానే ఆమె చేతిలో బకెట్టు లాక్కునేవాడు. మెట్లు దిగుతుంటే వెనకాలే దిగేవాడు. ఆ సంబరం చూశాక ఆమెకు నిజం చెప్పబుద్ధయ్యేది కాదు. చెబితే ఆ మొహం ఎలా మారిపోతుందోనని భయం. ఈసారి యాభై రోజులు దాటాయి. దొంగచాటుగా టెస్టు చేసుకుంది, ఒకటే గీత, కడుపేమీ లేదు. నిన్న అతను, "అమ్మకు చెప్పనా?" అన్నాడు. "ఆదివారం దాకా ఆగు" అని నీళ్లు నమిలింది.

ఈ గొడవలో ఉండగానే పరీక్ష హాల్ టికెట్టు కార్డుకి ఫోటో కావాలని పదహారేళ్ల పిల్ల తండ్రితో వచ్చింది. ఆ పిల్ల దవడల మీద నల్లగా నూగు వెంట్రుకలు. టచప్ అక్క చెయ్యి ఊరుకుంటుందా? ఒక్కటి మిగలకుండా తుడిచేసింది.

మర్నాడు తండ్రీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. ఫోటోలో ఉన్నది ఈ అమ్మాయి కాదని కాలేజీవాళ్లు కార్డు తిప్పి పంపారట.

"ఎందుకు తీసేశారక్కా?" అంది పిల్ల.

"నీకు బాగుంటుందని..."

"నేనడగలేదు కదా."

తండ్రి కల్పించుకున్నాడు. "మా అమ్మాయికి పీసీఓఎస్ అమ్మా. మందులు వాడుతున్నాం. నెల తేదీలు కాలెండరులో రాసే ఉద్యోగం నాది. ఈవిడగారికి గుర్తుండవు."

"ఇంకా నయం, మైకు పట్టుకోలేదు" అంది పిల్ల, నవ్వాపుకుంటూ.

కళ్లజోడు పవరు చెప్పినంత తేలిగ్గా చెప్పాడా మనిషి. టచప్ అక్కకు సిగ్గేసింది. వెంట్రుకల గురించి కాదు, ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ ఒక మనిషిని ఉత్త ఆశల్లో తిప్పుతున్నందుకు. ఫోటోను ఉన్నదున్నట్టు మళ్లీ ప్రింటు తీసి ఇచ్చింది.

ఆ సాయంత్రం మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. ఆమె భయపడినట్టే అతని మొహం వాడిపోయింది. దాన్ని సరిచేయడం ఆమె చేతిలో లేదు. చూస్తూ కూర్చుంది.

"ఆస్పత్రికి ఎవరితో వెళ్లావు?" అన్నాడు చివరికి.

"ఒక్కదాన్నే."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

"ఏడాది పాటు నన్ను పక్కింటివాణ్ణి చేశావు." కోపంగానే అన్నాడు. ఆమె కాదనలేదు. "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

"మంగళవారం."

"సెలవు పెడతాను" అన్నాడు. లేవబోయి ఆగిపోయాడు. తల దించుకుని, "ఆగలేక అమ్మకు నిన్ననే చెప్పేశాను. పొద్దుట్నుంచి నాలుగిళ్లకు ఫోన్లు చేసుంటుంది. ఇప్పుడేం చెప్పను?" అన్నాడు.

ఆమె అతని చేతిలోంచి ఫోను తీసుకుని అత్తగారికి కలిపింది.

"అత్తయ్యా, నేను" అంది. "మీ అబ్బాయి చెప్పిన వార్త నిజం కాదు. నిజం నేను చెబుతాను, కాస్త కూర్చుని వినండి."