నష్టంలో వాటా

వీధిలో ఆమెను అందరూ ప్రశ్నలమ్మ అనేవారు. వడ్డీ లేని బ్యాంకుల మీద పరిశోధన చేస్తూ, కనిపించిన దుకాణమల్లా ఎక్కి ప్రశ్నలతో ప్రాణం తీసేది కాబట్టి ఆ పేరు. "మా కోడలికి ఊళ్లో ఏ కొట్టు లాభాల్లో ఉందో తెలుసు. ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి తెలీదు" అని అత్తగారు నవ్వేది. నవ్వుతూనే మనవరాల్ని చంకనేసుకుని, "వెళ్లిరా, నేనున్నాగా" అనేది.

ప్రశ్నలమ్మను తొలిచే సందేహం ఒకటే. ఇలాంటి బ్యాంకులు పాటించే మతం వడ్డీని ఒప్పదు. అందుకే అప్పిచ్చే బదులు వ్యాపారంలో భాగస్వామిగా చేరి, లాభమొచ్చినా నష్టమొచ్చినా పంచుకోవాలని పుస్తకాలు చెబుతాయి. బ్యాంకులో మాత్రం ఆ మాటే వినిపించదు. ఎవరికైనా యంత్రం కావాలంటే బ్యాంకు తానే కొని, కొంత లాభం వేసుకుని, వాయిదాల మీద అమ్ముతుంది. అందులో తప్పు లేదు. మరి భాగస్వామ్యం ఏమైనట్టు?

"భయమమ్మా" అన్నాడు బ్రాంచి మేనేజరు దాపరికం లేకుండా. "లాభం వస్తే రాలేదంటారు. నష్టం రాకపోయినా వచ్చిందంటారు. ప్రతి కొట్టులోనూ నేను కాపలా కూర్చోనా?"

"కొద్దిమందితో చేసి చూద్దాం సార్. ఏం జరుగుతుందో నేను రాసుకుంటా."

ఆయన కొన్నాళ్లు నీళ్లు నమిలాడు. ఆ తర్వాత ఏమనిపించిందో ఏమో, తనే వెళ్లి పై అధికారులను బతిమాలి ఒప్పించుకొచ్చాడు. ఆమె ప్రొఫెసరు మాత్రం ముందే హెచ్చరించాడు: "నువ్వు వెళ్లేది చూడ్డానికి. మధ్యలో దూరి సర్దడానికి కాదు."

భాగస్వామ్యంలో చేరినవాళ్లలో ఇంటి వెనక షెడ్డులో సబ్బులు చేసే ఆవిడ ఒకరు. బ్యాంకు డబ్బూ తన డబ్బూ కలిపి పెద్ద గిన్నెలు, అచ్చులు కొంది. మొదట్లో అంతా సాఫీగానే సాగింది. ఒక రోజు పొద్దున్నే ప్రశ్నలమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, సరుకంతా పాడైపోయింది."

ప్రశ్నలమ్మ ఆదరాబాదరాగా వెళ్లింది. కొత్తగా తెప్పించిన సువాసన నూనె పోయగానే మిశ్రమం గడ్డలు కట్టిందట. అచ్చుల్లోంచి తీసిన సబ్బులు చెమట పట్టినట్టు నూనె కారుతున్నాయి. పరిశోధనకు మంచి ఉదాహరణ దొరికిందని ఒక్క క్షణం ఆమె మనసు గంతేసింది. మరుక్షణమే తన మీద తనకే రోత పుట్టింది.

"బ్యాంకుకు చెప్పావా అక్కా?"

"నోరు రావడం లేదు. దొంగ ఏడుపనుకుంటారు. మా ఆయనైతే సగం ధరకి అమ్మేసి నోరు మూసుకోమంటున్నాడు. నువ్వు చెప్పమ్మా, నీ మాటైతే నమ్ముతారు."

చెప్పేద్దామనే ఉంది ప్రశ్నలమ్మకు. ప్రొఫెసరు మాట ఒక్కటే కాదు ఆమెను ఆపింది. "నేను చెబితే సిఫార్సు అవుతుంది అక్కా. నువ్వు చెబితే నీ భాగస్వామితో చెప్పుకున్నట్టు ఉంటుంది. నేను పక్కనే కూర్చుంటా" అంది.

సబ్బులావిడ ఫోన్ చేసి చెప్పాక, మేనేజరు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. ఒక సబ్బు తీసుకుని పంపు కింద చేతులు రుద్దాడు. నురగ రాలేదు సరికదా, జిడ్డు అంటుకుని కూర్చుంది. ఎంత కడిగినా వదలదే! కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది.

"ఇంత చక్కగా ఎవరూ నటించలేరమ్మా" అన్నాడు చేతులు పైకెత్తి చూపిస్తూ.

హెడ్డాఫీసు అంత తేలిగ్గా లొంగలేదు. మనుషుల్ని పంపి తనిఖీ చేయించింది. ఈసారి మేనేజరు నీళ్లు నమల్లేదు. "లాభం వచ్చినప్పుడు తీసుకున్నాం. ఇప్పుడు మొహం చాటేస్తే మనం రాసిన ఒప్పందానికి అర్థమేముంది?" అని గట్టిగా నిలబడ్డాడు. చివరికి బ్యాంకు తన వాటా నష్టం తాను మోసింది.

ఆ కబురు వీధంతా పాకింది. అసలు విశేషం ఆ తర్వాతే జరిగింది. ఆ భాగస్వాముల్లోనే ఒకడు, అంతవరకూ లాభం తగ్గించి చెబుతూ వచ్చిన దర్జీ, తనంతట తాను బ్యాంకుకు వెళ్లి అసలు సంగతి చెప్పాడు. "నష్టంలో తోడుంటారని తెలిస్తే ముందే చెప్పేవాణ్ణి" అన్నాడట. ఒకరి వెనక ఒకరు మరికొందరు వెళ్లారు. ఒప్పందం ఎంత పకడ్బందీగా రాస్తే అంత నమ్మకం కుదురుతుందని ప్రశ్నలమ్మ అంతకుముందు అనుకునేది. ఆ ఊహ కొట్టేసి, ఆ అధ్యాయం మళ్లీ మొదటినుంచి రాసింది.

ప్రొఫెసరు చదివి కళ్లజోడు తీశాడు. "ఒక్క వీధి చూసి లోకమంతా ఇంతేనని రాయకు."

ఆమె కాగితాలు వెనక్కి తీసుకోబోయింది.

"ఇంకో ఊళ్లోనూ చేసి చూడు. అక్కడి బ్యాంకువాళ్లతో నేను మాట్లాడతా. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నానమ్మా, నిజంగా జరగడం చూడ్డం ఇదే మొదటిసారి."

ఆ సాయంత్రం ఈ కబురు చెబుదామని ఆమె షెడ్డుకు వెళ్లేసరికి లోపల పెద్ద రగడ. కొత్త సబ్బుకు మల్లె వాసన కావాలని మేనేజరు, నిమ్మ వాసనే అమ్ముడవుతుందని సబ్బులావిడ.

"మీకెందుకు సార్ ఈ గొడవ?" అందావిడ.

"ఎందుకేంటి? వాటాదారుణ్ణి!" అని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.