ఒంటిచేతి కుర్చీ

"పిడికిలి బిగించమ్మా," అంటూ వసీలా రబ్బరు పట్టీ అందుకుంది. ఆ పొద్దుటికి అది పదకొండో చెయ్యి. స్ఫాక్స్ పట్నంలోని ఆ చిన్న రక్తపరీక్షల గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమెకు అదే పని. గదిలో ఉన్న ఒక్క కుర్చీకి కుడివైపు చెయ్యి ఎప్పుడో విరిగిపోయింది, బాగుచేయించే నాథుడు లేడు. అందుకని వచ్చినవాళ్లందరికీ ఎడమ చేతి నుంచే రక్తం తీస్తుంది. వేళ్లు లావు, నడుము ఎప్పుడూ నొప్పి, కానీ ఆమె సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల మహా గర్వం.

కుర్చీలో కూర్చున్న బడిపంతులమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ చెయ్యి వద్దక్కా. పొద్దున్నే దీనికి హార్మోన్ జెల్ రాసుకున్నాను. రాసిన చేతి నుంచి తీస్తే ఆ మందు కూడా గొట్టంలోకి దిగి, లెక్క ఎక్కడికో పోతుందట. మా డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది."

వసీలా ఆమెను పక్కకు తిప్పి కూర్చోబెట్టి కుడి చేతి నుంచి తీసింది. తీస్తుంటే దూజా గుర్తొచ్చింది.

దూజా ఖర్జూరం కూరి పాకంలో ముంచిన మక్రూద్ మిఠాయిలు చేసి అమ్ముతుంది. నెలసరి ఆగాక ఒళ్లంతా సెగలు, రాత్రంతా తడిసిన పక్క. జెల్ రాసుకోవడం మొదలుపెట్టాకే నిద్ర మొహం చూసింది. పిండి కలిపేది కుడి చెయ్యి కనుక మందు ఎడమ చేతికి. రెండు నెలల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, "హాయిగా నిద్రపోతున్నానే, ఇంకా ఈ రక్తం ఎందుకు?" అంది. "నీకేం తెలుస్తుంది, అంకె చూస్తేనే తెలుస్తుంది," అంది వసీలా, అన్నీ తెలిసినదానిలా. ఆ ఎడమ చేతి నుంచే తీసింది; హార్మోన్ అంకె ఉండాల్సినదానికి నాలుగింతలు వచ్చింది. ఆ అంకె చూసి దూజా డాక్టరు హడలిపోయి జెల్ మాన్పించాడు.

మధ్యాహ్నం యజమాని రియాద్‌గారికి వసీలా అంతా చెప్పింది. ఆయన నారింజ ఒలుస్తూ విన్నాడు. "ఆ వయసులో ఆ అంకె రోజుకోలా ఉంటుంది. సెగలు తగ్గాయా, నిద్ర పడుతోందా అని ఆవిణ్ణే అడిగితే సరిపోయేది. అయినా ఇప్పుడు తవ్వుకుంటే మన పేరే పోతుంది, వదిలెయ్," అన్నాడు. సగం నారింజ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బల్ల మీదే ఉంచి లేచింది.

వదిలెయ్యలేక దూజా కొట్టుకు నడిచింది. తలుపు వేసి ఉంది. పక్కింటి మన్నూబియా గడపలో బఠానీలు ఒలుస్తోంది. దూజా గురువారమే గాబెస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయిందట. నిద్రలేక పళ్లేలకు పళ్లేలు మాడ్చి, మిఠాయిల కోసం వచ్చిన పెళ్లివారి మీద అరిచి, చివరికి పొయ్యి ఆర్పేసిందట.

"బాగున్నానని నా ఒళ్లే నన్ను మోసం చేసిందే అని ఏడ్చింది, పిచ్చిది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఏమన్నా చెప్పమంటావా?"

నీ ఒళ్లు నిజమే చెప్పింది, మోసం చేసింది నా సూది. ఆ ఒక్క మాట దూజాకు చేరితే చాలు. వసీలా గడపలో రాలిన బఠానీ ఒకటి ఏరి అందించింది.

"సలాం చెప్పు," అంది.

మన్నూబియా లోపలికెళ్లి ఒక తగరపు డబ్బా తెచ్చింది. "ఆఖరి వాయి మక్రూద్‌లు. నొప్పి తెలియకుండా సూది గుచ్చుతుంది, వసీలాకు ఇవ్వు అంది."

సాయంత్రం చక్కెర పరీక్షకు ఒక ముసలాయన వచ్చాడు. "ఏ చేతికైనా మందు రాసుకున్నావా మామా?" అని అడిగింది. "మందు మింగడమే గానీ రాసుకోవడం ఎరగనమ్మా," అని ఆయన నవ్వాడు. అడగడం ఇంత తేలికా అనుకుంటే ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆయన వెళ్లాక డబ్బాను కుర్చీకున్న ఆ ఒక్క చేతి మీద పెట్టి దీపం ఆర్పింది. దూజా కట్టిన దారం ముడి అలాగే ఉంది, మూత సందులోంచి పాకం కారి చెక్కను తడుపుతోంది.