రవిచంద్రన్ చెక్కిన బొమ్మ

రవిచంద్రన్ నన్ను పెళ్ళి చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. అదేదో సుల్తాను నాకు దాతుక్ బిరుదు ఇచ్చినట్టు మా అమ్మ దేవుడమ్మ వీధంతా మిఠాయిలు పంచింది.

ఆయన కౌలాలంపూర్‌లో కాలేజీ లెక్చరర్. నేను పోర్ట్ క్లాంగ్‌లో గిడ్డంగి సూపర్‌వైజర్ని. రోజూ అరవై మంది లారీ డ్రైవర్లను గద్దించి దారిలో పెడతాను. ఆయనగారికి నాలో నచ్చింది ముఖం ఒక్కటే. మిగతాదంతా దిద్దడం మొదలుపెట్టాడు. నవ్వు తగ్గించాలట, నడక మార్చాలట, మా రబ్బరు ఎస్టేట్ యాస, మాట చివర మలేషియా 'లా' మానాలట. ముప్పై నాలుగేళ్ళ కూతురికి సంబంధం కుదిరిందని అమ్మ మళ్ళీ కడుపునిండా తింటోంది. అందుకే ఓర్చుకున్నాను.

తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఆయన ఒక రోమన్ ప్రేమకథ చెప్పాలి. ఒక శిల్పికి లోకంలో ఏ ఆడదీ నచ్చదు. ఏనుగు దంతంతో తనకు కావలసినట్టు ఒకత్తెను చెక్కుకుని, నగలు పెట్టి, ముద్దులాడి మురిసిపోతాడు. ప్రేమదేవత ఆ బొమ్మకు ప్రాణం పోస్తుంది. ఇది రాసిన కవి రెండు వేల ఏళ్ళ నాటివాడు. ఆయన్ని చక్రవర్తి వెళ్ళగొట్టాడట, ఎందుకో సరిగ్గా ఎవరికీ తెలియదట. రవిచంద్రన్ అది చెప్పి బాధపడ్డాడు. నాకైతే చక్రవర్తి మీద గౌరవం కలిగింది.

బొమ్మను నేనే. తెల్లచీరలో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడి, చివర్లో కళ్ళు తెరిచి ఆయన మెడలో దండ వేయాలి. అప్పుడు సంఘం అధ్యక్షుడు మా నిశ్చితార్థం ప్రకటిస్తాడు.

"పేనమొచ్చినాక ఆ బొమ్మ ఏటి మాటాడింది?" అనడిగాను.

"ఏమీ మాట్లాడదు. కవి మాటలు పెట్టలేదు," అన్నాడు మురిపెంగా. "అదే అందం."

వేడుకనాడు అమ్మ ముందు వరుసలో కూర్చుంది. రవిచంద్రన్ వేదిక దిగి ఆమె దగ్గరకు వెళ్ళాడు.

"అత్తయ్యా, ఇక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటారు. మీరు వెనక్కి వెళ్ళండి. ఎవరైనా పలకరిస్తే నవ్వండి చాలు, నోరు విప్పకండి."

అమ్మ చీర సర్దుకుని, తలవంచుకుని వెనక్కి వెళ్ళింది. నేను అప్పటికే వేదిక మీద తెల్లచీరలో నిలబడి ఉన్నాను. బొమ్మను కదా, కదల్లేదు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన ప్రేమ గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు.

నా వంతు వచ్చింది. కళ్ళు తెరిచాను. దండను బల్ల మీద పెట్టి, ఆయన చేతిలోని మైకు లాక్కున్నాను.

"ఈ మనిసిని నాను సేసుకోను లా!"

అమ్మ వైపు చూడ్డానికి భయమేసింది. ఆమె లేచి నిలబడి ఉంది.

"ఇంకోపాలి గట్టిగా సెప్పే, భార్గవీ!"